పావు అంగుళం ఎక్కువైన దీపం

లేని వస్తువులకు బొమ్మలు గీయడం నా ఉద్యోగం. ఈ సంగతి మా వీధిలో చెప్పి చూశాను. ఎదురింటి పిన్ని "అంటే పెళ్ళికార్డులేటి?" అంది. వివరించే ఓపిక లేక అవునన్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఎక్కడో పెద్ద ఊళ్ళో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటుంది. వాళ్ళు కూర్చుని ఒక లోకాన్ని కల్పించుకున్నారు. అక్కడ ఇద్దరు చంద్రులుంటారు, నదులు ఎగువకు పారతాయి, రాజుగారికి నీడ ఉండదు. ఆ లోకంలో జనం వాడుకునే మాయ సామాను ఎలా ఉంటుందో ఊహించి గీసి పంపేది నేను. వానను మడిచి దాచుకునే గొడుగు, ఒకరి ఆకలిని ఇంకొకరికి వడ్డించే గరిటె, ఇలాంటివి. భిలాయిలో, క్యాంప్ 2లో, రెండు గదుల ఇంట్లో, వంటగదిని ఆనుకుని ఉన్న బల్ల మీద ఇవన్నీ పుట్టాయి. కంపెనీవాళ్ళకి మాత్రం రాయపూర్ దగ్గర ఉంటానని చెప్పేదాన్ని. కెమెరాలో వెనక గోడ పెచ్చులు కనబడకుండా మసక పెట్టుకునేదాన్ని.

ఇంట్లో నేనూ నాన్నా. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాన్న కుర్రతనంలో విజయనగరం పక్క నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరాడు. ప్యాటర్న్ షాపులో చేరి ప్యాటర్న్ షాపులోనే రిటైరయ్యాడు. పోత పోయవలసిన ఇనుప భాగం ఎలా ఉండాలో ముందుగా కర్రతో చేసే చోటు అది. ప్యాటర్న్ అనే ఆ కర్ర రూపాన్ని ఇసుకలో అదిమి తీసేస్తే దాని గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. లోహం చల్లారాక కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి కర్ర రూపాన్ని ఆ మేరకు పెద్దది చేసుకోవాలి. దానికని వేరే స్కేళ్ళుంటాయి. వాటి మీద అంగుళం మన అంగుళం కన్నా రవ్వంత పొడుగు. ఇనుముకి ఒకటి, ఉక్కుకి ఒకటి, ఇత్తడికి ఒకటి. మూడూ నాన్న దగ్గర ఉన్నాయి, పాత తువ్వాలులో చుట్టి. తన చేతి ప్యాటర్న్ ఒక్కటి కూడా కొలత తప్పిందని వెనక్కి రాలేదని ఆయన అప్పుడప్పుడు చెప్పుకునేవాడు. ఆయన గొప్ప చెప్పుకునేది ఆ ఒక్కటే. అది కూడా నాకు వినీ వినీ విసుగు పుట్టింది.

నేను పని చేసుకుంటుంటే నాన్న వెనకాలొచ్చి నిలబడేవాడు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని, మాట్లాడకుండా. అలా నిలబడితే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి ఒక కత్తి పిడి గీస్తున్నాను, పాము చుట్టుకున్నట్టు.

"ఇక్కడ సన్నం, పక్కనే అంత లావు," అన్నాడు. "సన్నం బేగి చల్లారిపోతాది, లావు చల్లారదు. మధ్యలో పగిలిపోతాది తల్లీ."

"ఇది మంత్రాల కత్తి నాన్నా. పోత పోసింది కాదు."

"మంత్రమైనా ఏదో ఒక లోహమే కదా."

ఇంకోసారి పెట్టె ఒకటి గీశాను, లోపల గాలివాన ఉండే పెట్టె. నాన్న చాలాసేపు చూసి, మూత ఏ పక్కకి తెరుస్తారని అడిగాడు. మాయకి కీళ్ళు అక్కర్లేదన్నాను. "మాయకి అక్కర్లేదేమో, మూతకి కావాలి కదా," అన్నాడు. నవ్వు రాలేదు నాకు. విసురుగా లేచి వెళ్ళి గిన్నెలు తోమాను.

కానీ ఆయన గుడికి వెళ్ళాక ఆ పెట్టెకి కీళ్ళు గీశాను. కత్తి పిడికి లావూ సన్నమూ కలిసే చోట నున్నగా వంపు తిప్పాను. పదునుగా ఉన్న మూలలు గుండ్రం చేశాను. ఆయనకి చూపించలేదు. మా పనంతా చూసే ఆవిడ, మేడమ్ అంటాం, ఆ బొమ్మలు చూసి తెగ మెచ్చుకుంది. మిగతావాళ్ళవి అలంకారంగా ఉంటాయి, నీ వస్తువులకి బరువుంది, ఎవరో నిజంగా వాడినట్టున్నాయి, ఎలా వస్తోంది నీకిది అని అందరి ముందూ అడిగింది.

"కళ్ళు మూసుకుంటే కనిపిస్తాయి మేడమ్," అన్నాను.

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. అప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు. మనింటి నీళ్ళు మనం తాగితే దొంగతనమేమిటి అనుకున్నాను. ఏడాది పాటు అలాగే గడిచింది. నాన్న చెప్పడం, నేను కసురుకోవడం, ఆయన అటు వెళ్ళగానే దిద్దుకోవడం.

తర్వాత నీడ దీపం వచ్చింది. వెలుగు బదులు నీడ పోసే దీపం. నీడ లేని రాజుగారి కోసం ఊళ్ళోవాళ్ళు చేయించిన దీపమని కథ. ఇత్తడిది, పద్దెనిమిది అంగుళాల ఎత్తు. నేను గీసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే. ఒక ఉదయం వీడియో కాల్‌లో దాన్ని తెర మీద పెట్టి మేడమ్‌కి వివరిస్తున్నాను, హిందీలో. నాన్న పెరట్లో పక్కింటివాళ్ళ తలుపు బాగుచేస్తున్నాడు. దేనికో లోపలికి వచ్చాడు. చెవి మీద పెన్సిల్, మోచేతుల దాకా రంపపు పొట్టు. దీపం చూసి ఆగిపోయాడు. నేను మాట్లాడుతున్నానన్న సంగతి గమనించకుండా వంగి, దీపం మెడ దగ్గర తెర మీద వేలు పెట్టాడు. కెమెరాలో ఆయన ముఖం నిండుగా పడింది.

వెనక ఎవరని మేడమ్ అడిగింది.

"కార్పెంటర్, మేడమ్. ఇంట్లో పని జరుగుతోంది," అన్నాను.

ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాను కాబట్టి ఆవిడ ప్రశ్న నాన్నకి వినబడలేదు. నా జవాబు వినబడింది. ఆయన వేలు తీసేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, కంపెనీవాళ్ళకి కూడా వినబడేలా, "మేడమ్, నాప్ హో గయా. కల్ ఆతా హూఁ," అన్నాడు. కొలతలు తీసుకున్నాను, రేపొస్తాను అని, సొంత కూతుర్ని మేడమ్ అని పిలిచి, తన ఇంట్లోంచి తనే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. గంట తర్వాత వచ్చాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్నాడట. భోజనం దగ్గర నేను ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేసరికి, "చారులో ఉప్పు తక్కువైనట్టుంది," అన్నాడు. ఉప్పు డబ్బా జరిపాను.

ఎందుకన్నానా అని చాలాసార్లు ప్రశ్నించుకున్నాను నన్ను నేను. ఆయన వాలకం చూసి నామోషీ పడ్డానని ఒప్పుకోవడం తేలిక. అది నిజమే కానీ సగం నిజం. మా నాన్న అని చెబితే, ఆయన ఏం చూపిస్తున్నాడని మేడమ్ అడుగుతుంది. అప్పుడు కళ్ళు మూసుకుంటే కనిపిస్తాయన్న మాట ఏమవుతుంది? ఆ క్షణంలో నేను దాచింది నాన్నని కాదు, నా దొంగతనాన్ని. నాన్న దానికి అడ్డం వచ్చాడంతే.

రెండు నెలల తర్వాత మేడమ్ ఒక మాట అడిగింది. కంపెనీలో పెద్ద వేడుక ఉంది. నీడ దీపాన్ని నిజంగా చేయించి అద్దాల పెట్టెలో పెట్టాలనుకుంటున్నారు. కర్రతో చేసి పంపితే చాలు, ఇత్తడి రంగు వాళ్ళే వేసుకుంటారు. మీ ఇంటికొచ్చిన ఆ కార్పెంటర్ చేయగలడా?

నాన్నకి చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక, "కార్పెంటర్ చేస్తాడా అని అడుగుతున్నారు," అన్నాను.

"చేస్తాడని చెప్పు," అన్నాడు నాన్న.

వెక్కిరింపు లేదు ఆ మాటలో. ముఖం వెలిగిపోతోంది. వెంటనే కళ్ళజోడు తెచ్చుకుని నా బొమ్మ ముందు కూర్చున్నాడు. నేను వేరే పని మీద ఉన్నాను, ఫోన్లో ఎవరికో జవాబులిస్తున్నాను.

"ఇది పోత పోస్తారా తల్లీ?" అని అడిగాడు.

"ఆఁ," అన్నాను.

"ఇత్తడేనా?"

"ఆఁ, ఇత్తడే." బొమ్మలో దీపం ఇత్తడిదే కదా. తలెత్తకుండా అన్నాను.

నాన్న బతుకంతా చేసిన కర్ర వస్తువేదీ అసలు వస్తువు కాదు. దాని వెనక పోత ఉంటుంది. ఇత్తడి దీపాన్ని కర్రతో చేయమంటే ఆయనకి తట్టేది అదొక్కటే. అయినా అడిగాడు. అడక్కుండా పని మొదలుపెట్టే అలవాటు లేదు ఆయనకి. తువ్వాలు విప్పి ఇత్తడి స్కేలు తీశాడు.

దుర్గ్ వెళ్ళి టేకు ముక్కలు ఏరి తెచ్చుకున్నాడు. మూడు వారాలు పెరట్లోనే ఉన్నాడు. ముక్కలు అతికించి, ఉలితో చెక్కి, మెడ దగ్గర గాజుకాగితం చుట్టిన వేలితో రుద్దేవాడు. నేను బొమ్మలో గజిబిజిగా వదిలేసిన చోట్లు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది. పిడి వెనక వైపు ఎలా ఉంటుందో నేను ఆలోచించనే లేదు. నాన్న ఆలోచించాడు. వచ్చి అడిగితే విసుక్కుంటానని కాబోలు, తనే తోచినట్టు చేశాడు. అంత బాగుంటుందని నాకు తెలియదు. బాగుందని చెప్పాను, కానీ ఎంత బాగుందో చెప్పలేదు.

పార్సిల్ వెళ్ళిన వారానికి మేడమ్ నుంచి ఫోను. దీపం అద్భుతంగా ఉంది, కానీ పెట్టెలో పట్టడం లేదు. పద్దెనిమిది అంగుళాలని రాసిచ్చాం కదా, పావు అంగుళం ఎక్కువుంది. అడుగుభాగం వెడల్పు కూడా కాస్త ఎక్కువే, దాని కోసం కోసిన గుంటలో కూర్చోవడం లేదు. పెట్టె మార్చడం కుదరదు. నీ కార్పెంటర్‌కి స్కేలు చూడడం వచ్చా?

పావు అంగుళం అనగానే నాకు అర్థమైపోయింది, అది ఇత్తడి స్కేలు కలిపిన పావు అంగుళం. నాన్న ఏం అడిగాడో, నేను ఏమన్నానో, అంతా. ఒక్క వాక్యం చాలు. పోత పోస్తారని నేనే పొరపాటున చెప్పాను అంటే అయిపోయేది. నాన్న గుమ్మంలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు, నాలుగడుగుల దూరంలో.

"అవును మేడమ్," అన్నాను. "ఇక్కడి కార్పెంటర్లు అంతే. కొలతంటే లెక్కలేదు వాళ్ళకి."

ఎందుకో తెలియదు, ఆ మాట తడుముకోకుండా వచ్చింది. మొదటి అబద్ధం వెతుక్కుని ఆడాను, ఇది ముందే నోట్లో ఉన్నట్టుంది. మళ్ళీ చేయించి పంపుతానని ఫోను పెట్టేశాను. నాన్న చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చి, "పోత లేదా దానికి?" అన్నాడు. లేదన్నాను. "సరే అయితే, మామూలు స్కేలుతో చేసేస్తాను," అన్నాడు. అంతే. నేను తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

మొదటి దీపం వెనక్కి వచ్చింది. నాన్న రెండోది మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం చరోదా నుంచి ఆయన స్నేహితుడొకాయన వచ్చాడు. ఇద్దరూ ఒకే షాపులో పక్కపక్క బల్లల మీద పనిచేసినవాళ్ళు. నాకు అంకుల్. ఆయన వచ్చీ రావడంతోనే బీరువా మీదున్న దీపం చేతిలోకి తీసుకున్నాడు.

"ఏట్రా ఇది, ఇంకా ఉలి పడతన్నావా? మరి రెండోదెందుకు?"

"అది కొలత తప్పిందిరా," అన్నాడు నాన్న.

అంకుల్ గట్టిగా నవ్వాడు. "నీకా?" అని, ఎవరినీ అడక్కుండా లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చి విప్పాడు. స్కేళ్ళు మార్చి మార్చి కొలిచి చూశాడు. ఇత్తడి స్కేలు దగ్గర ఆగాడు. "పద్దెనిమిది. ఇత్తడికి ఎంత వదలాలో అంతే వదిలేవు. గీత మీద గీత కూసుంది. దీన్ని తప్పంటావేట్రా?"

"దీనికి పోత లేదురా. కర్రదే అసలు బొమ్మ."

"మరి అడగలేదేటి? నువ్వు అడక్కుండా చెయ్యవు కదా."

నేను వంటగది గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి ఉన్నాను. నాన్న నన్ను చూశాడు. చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

"అడగలేదురా. మర్చిపోయేను. ముసలోడినైపోనాను కదా," అన్నాడు.

అంకుల్ ముఖంలో నవ్వు పోయింది. దీపం మెల్లగా కింద పెట్టాడు. స్కేళ్ళు మళ్ళీ చుట్టాడు. ఒంట్లో బాగోలేదా, బీపీ చూపించుకున్నావా అని అడగడం మొదలుపెట్టాడు, జబ్బు మనిషిని అడిగినట్టు. నాన్న అన్నిటికీ తలూపాడు. నేను గ్లాసులు అందించాను. నా చేతి మీద టీ ఒలికింది. కాలిందా అని అంకుల్ అడిగితే లేదన్నాను.

ఆయన స్కూటర్ వెళ్ళిపోయాక, "ఎందుకలా చెప్పావు నాన్నా? నువ్వు అడిగావు కదా," అన్నాను.

నాన్న పెరట్లో పనిముట్లు సర్దుతున్నాడు. "మరేటి చెప్పమంటావు? అడిగేను, నా కూతురు వినలేదురా అనా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఉలి తుడుచుకుంటూ అన్నాడు. "దానికన్నా కొలత తప్పిందనడమే తేలిక."

నాన్న తనకున్న ఒక్క గొప్పనీ, అది తెలిసిన ఒక్క మనిషి ముందు, నా కోసం తీసి పారేశాడు. నేను ఆయన్ని కార్పెంటర్ అన్నప్పుడు ఆయనకి ఎంత అర్థమైందో, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఎంత విన్నాడో అప్పుడు తెలిసింది. అంకుల్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను మర్నాడు. "మీ కంపెనీవోళ్ళకి చెప్పేవా ఈ మాట?" అన్నాడు. చెప్పలేదన్నాను. "మరి నాకు చెప్పి ఏటి లాభం?" అని పెట్టేశాడు.

రెండో దీపం వెళ్ళింది. పెట్టెలో సరిగ్గా పట్టింది. అది చెప్పడానికే మేడమ్ ఒక ఉదయం వీడియోలోకి వచ్చింది. ఈసారి మంచి కార్పెంటర్‌ని పట్టుకున్నట్టున్నావే అంది. నాన్న గుమ్మంలో పేపరు చదువుకుంటున్నాడు. నేను చెవుల్లోవి తీసేశాను. ఆవిడ గొంతు గదిలోకి వచ్చింది.

"అదే మనిషి, మేడమ్. కార్పెంటర్ కాదు, మా నాన్న. ప్లాంటులో ప్యాటర్న్ మేకర్‌గా చేశారు. మొదటి దీపం కొలత తప్పలేదు. ఆయన సరిగ్గానే అడిగారు, నేనే తప్పు చెప్పాను. నా బొమ్మల్లో మీకు నచ్చిన బరువు కూడా ఆయనదే," అన్నాను. హిందీలో, గబగబా, మధ్యలో ఆగితే ఇక చెప్పలేనని.

నాన్న పేపరు దించాడు.

మేడమ్ కళ్ళు పెద్దవి చేసింది. "అరే, ఎంత మంచి విషయం! ముందే చెప్పొచ్చు కదా!" అంది. కొలత సంగతి వదిలేయమంది, ఇప్పుడు సరిపోయింది కదా అంది. నేను నెలల తరబడి మోసింది ఆవిడకి అరనిమిషం పట్టలేదు. "నాన్నగారు ఉన్నారా? పిలువు, నమస్తే చెప్తాను."

"ఉండండుండండి, ఇలగేనా," అని నాన్న లేచి లోపలికి పరుగెత్తినంత పని చేశాడు. బీరువా తలుపు చప్పుడైంది. పెరట్లో కుళాయి చప్పుడైంది. మేడమ్ నవ్వుతూ ఎదురుచూసింది. తర్వాత టైం చూసుకుంది. ఒక్క నిమిషం మేడమ్, వచ్చేస్తున్నారు అన్నాను. నాన్నా అని కేకేశాను. వస్తన్నానమ్మా అన్నాడు. ఇంకో మీటింగ్ మొదలైపోయింది, ఈసారి తప్పకుండా మాట్లాడతాను, ఆయనకి నా నమస్తే చెప్పు అని ఆవిడ వెళ్ళిపోయింది.

నాన్న వచ్చాడు. ఇస్త్రీ మడతలున్న తెల్ల చొక్కా, మెడ దాకా బొత్తాలు. జుట్టు తడిపి పక్కకి దువ్వాడు. చెవి వెనక నుంచి నీటి చుక్క ఒకటి కాలరు మీదికి జారుతోంది. తెర ముందుకొచ్చి, చేతులు సగం జోడించి, ఆగాడు.

"ఏరీ?"

"మీటింగుందట నాన్నా. వెళ్ళిపోయారు."

"అవునవును, పెద్ద ఉద్యోగం కదా, పనులుంటాయి," అన్నాడు. చేతులు దించలేదు ఇంకా. "నా గురించి ఏటైనా అడిగేరా?"

ఏమీ అడగలేదు.

"చాలా అడిగారు," అన్నాను.

నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. చొక్కా నలగకుండా వెనక సర్దుకుని కూర్చుని, నా ముఖంలోకి చూశాడు.

"ఏటేటి అడిగేరు, చెప్పు," అన్నాడు.